వాళ్ళ స్తంభంలో నా చెయ్యి

మే 19, 1996

లారీ అలి కబురు తెచ్చాడు. ఇంకా పూర్తిగా దిగనైనా లేదు, తలుపు పట్టుకుని వేలాడుతూనే అరిచాడు.

"ఇనాసియూ! మీ బావ కొర్నేలియు జొన్న కోతలయ్యాక మెట్టెక్కి వస్తాడంట. పిల్ల బట్టలు సర్ది ఉంచమన్నాడు."

నలుగురిలో అరవాల్సిన మాటా అది? ఆ తరవాత ఒక ఎండుచేపల బుట్ట నా చేతిలో పెట్టి, ఇది కూడా మీ బావే ఇచ్చాడన్నాడు. చేపలు మంచివే. ఒక చేత్తో పిల్లను లాక్కుంటూ ఇంకో చేత్తో చేపలు ఇచ్చేవాణ్ణి ఏమని తిట్టాలో తోచలేదు.

మా పిల్ల జూది నీళ్ళకు వెళ్ళి ఉంది. అది వచ్చేసరికి ముఖం మామూలుగా పెట్టుకున్నాను. బుట్ట చూసి, "ఇవి రువుమా ఏటి చేపల్లా ఉన్నాయే! మామయ్య పంపాడా?" అంది. కొన్నానన్నాను. ఒక చేప తీసి వాసన చూసి, దాన్ని అలాగే చేతిలో పట్టుకుని నిలబడింది. పాపం, ఆకలి మీద ఉంది.

మే 20

నిద్ర లేదు.

ఇందులో కొత్తేమీ లేదు. మా మకొండే జాతిలో పిల్లలు తల్లి ఇంటివాళ్ళు. తండ్రి పెంచుతాడు, మేనమామ తీర్పు చెబుతాడు. గింజ నీది, చేను మాది అంటారు. మా ఆవిడ, కొర్నేలియు చెల్లెలు అమేలియా ఉన్నప్పుడు ఈ మాట మాకు నవ్వులాట. జూదిని నేను ఎత్తుకుని తిరుగుతుంటే, "మా ఇంటి పిల్లను మోస్తున్నావు, కూలి ఎంత ఇవ్వమంటావు?" అనేది. మొన్నటి వానల్లో అమేలియా పోయింది. అప్పట్నించీ ఆ నవ్వులాటకు కోరలు వచ్చాయి.

అయినా పద్ధతి ఉందని అందరూ పాటిస్తున్నారా? పెద్దల కథ తెలియనివాడెవడు? మొదటి మనిషి చెక్కతో ఆడమనిషిని చేసి ఇంటి బయట నిలబెట్టాడు, తెల్లారేసరికి ఆమెకు ప్రాణం వచ్చింది. ఏటి ఒడ్డున కన్న బిడ్డ దక్కలేదు. కాస్త పైకి వచ్చి కన్న బిడ్డా దక్కలేదు. మెట్ట మీదికి వచ్చాక కన్నది బతికింది. అందుకే కదా మనం నీళ్ళు దొరక్కపోయినా ఈ మెట్ట పట్టుకుని వేలాడుతున్నాం. అలాంటిది, మెట్ట మీద పెరిగిన పిల్లను తీసుకెళ్ళి కొర్నేలియు వాళ్ళ ఏటి ఒడ్డున పడేస్తానంటే ఎలా ఒప్పుకుంటాను? రానీ, ఇదే అడుగుతాను. పద్ధతికి పద్ధతి.

మే 23

ఉపాయం తట్టింది.

కొర్నేలియు కిందటేడు నన్నొక పని అడిగాడు. వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళు కూచునే చావడికి వాళ్ళ ఇంటి స్తంభం ఒకటి చెక్కిపెట్టమని. మొద్దు కూడా ఆయనే పంపాడు. నా ఛాతీ ఎత్తు ఎంపింగో మొద్దు, నల్లచేవ చెట్టుది. ఎంత బరువంటే నలుగురం దించి నలుగురం నడుం పట్టుకున్నాం. తరవాత అమేలియాకు జబ్బు చేసింది. మొద్దు చూరు కింద అలాగే పడి ఉంది.

ఇప్పుడు దాన్ని చెక్కుతాను. అలాంటి స్తంభం ఈ చుట్టుపక్కల ఎవడి చావడిలోనూ ఉండకూడదు. అది చూశాక ఆయనకు నోరు పెగలకూడదు. అప్పుడు అడుగుతాను, పిల్లను నా దగ్గరే ఉంచమని. ఇచ్చిన చేతిని ఖాళీగా పంపడం కొర్నేలియు వల్ల కాదు. ఆయనకు ఊళ్ళో పరువు ముఖ్యం.

మే 27

మొద్దు పైన తెల్లచెక్క అంతా బాడిసతో కొట్టేశాను. లోపల చేవ మంచి నలుపు. ఒక పక్క మాత్రం తెలుపు లోపలికంటా చొచ్చుకుపోయింది, పై భాగంలో. అక్కడ జాగ్రత్తగా ఉండాలి.

ఎవరి మీద ఎవరన్నది తేలిపోయింది. అడుగున అమేలియా అమ్మమ్మ, పై పెదవిలో కర్రబిళ్ళతో, ముఖం నిండా పచ్చబొట్లతో. ఆమె భుజాల మీద మా అత్తగారు. ఆమె మీద వీపూ వీపూ ఆనించి కొర్నేలియు, అమేలియా. అందరికన్నా పైన జూది. కొర్నేలియు సొంత పిల్లలు ఆరుగురూ ఇందులోకి రారు, వాళ్ళు వాళ్ళమ్మ ఇంటి లెక్క. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. అల్లుడికి స్తంభంలో ఏం పని? బయట కూచుని చెక్కడమే.

జూన్ 2

పక్క చూరు కింద చెక్కే సిమావు పొద్దుణ్ణించీ నన్ను గిల్లుతున్నాడు.

"ఏరా, బావకి స్తంభం చెక్కుతున్నావా, లంచం చెక్కుతున్నావా?"

"నీ పని నువ్వు చూసుకో."

"చూసుకుంటున్నా. నేను చెక్కేది దెయ్యాన్ని. దానికి మేనమామలు లేరు, హాయిగా ఉంది."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. వాడి ముందు నవ్వితే ఇంక వదలడు. మధ్యాహ్నం వాడి ఇంట్లోంచి కర్రపెండలం ఆకు కూర వచ్చింది. జూది రెండుసార్లు పెట్టించుకుంది. మన కూర ఎందుకలా ఉండదు నాన్నా అని అడిగింది. ఉప్పు తేడా అన్నాను.

జూన్ 6

జూది కోడిపెట్ట కనిపించట్లేదు. పిల్లి పట్టుకుపోయిందేమో అని పెరడంతా వెతికాను. జూది తాపీగా చెప్పింది, సిమావు మామ వాళ్ళావిడకు ఇచ్చిందట. ఎందుకే అంటే, "వాళ్ళింట్లో గింజలు బాగా వేస్తారు" అంది. నిజమే, ఈ మధ్య నేను గింజలు వేయడం మర్చిపోతున్నాను. పిల్లకు ఎంత దయ. వాళ్ళమ్మ పోలికే.

జూన్ 9

ముసలావిడ చెక్కలోకి వచ్చేసింది. అత్తగారు వచ్చేసింది, ఆ మూతి విరుపుతో సహా. కొర్నేలియు బొజ్జ కూడా వచ్చింది. చూసినవాళ్ళు నవ్వుతున్నారు, అచ్చం ఆయనే అని.

అమేలియా రావట్లేదు.

జూన్ 10

ఇవాళా రాలేదు. ఇంకెవరో ఆడమనిషి వచ్చింది.

జూన్ 11

ముక్కు చిన్నది చేశాను. అయినా కాదు. చెక్క తీయగలను గానీ మళ్ళీ పెట్టలేను. ఇంకో రెండు తప్పులు చేస్తే ఆమెకు ముఖమే మిగలదు. జూదిని పిలిచి అడిగాను, అమ్మ నవ్వినప్పుడు బుగ్గ ఏ పక్క సొట్ట పడేది అని. గుర్తులేదు అంది. గుర్తు లేకపోవడమేమిటి? గట్టిగా అరిచాను. తరవాత బాధేసింది.

జూన్ 14

వచ్చింది! పొద్దున పొగమంచు ఇంకా విడవలేదు, ఉలి దానంతటదే నడిచింది. పెదవి కింద చిన్న గీత. అంతే. అంతసేపూ నేను కళ్ళలో వెతుకుతున్నాను, ఆమె మూతి దగ్గర ఉంది.

ఆమె ముందు కూచుని అన్నం తిన్నాను. జొన్న ముద్ద చల్లారిపోయిందని జూది రెండుసార్లు చెప్పింది. చల్లారితే చల్లారనీ.

జూన్ 16

జూది రోజూ పొద్దు వాలగానే స్తంభం మీద తడి గోనెపట్ట కప్పేస్తోంది. ముఖ్యంగా వాళ్ళమ్మ ముఖం దగ్గర, ఎక్కడా సందు లేకుండా. చేవ ఎండిపోయి నెర్రెలివ్వకూడదని దానికెవరు నేర్పారు? నేను ఎప్పుడూ చెప్పలేదు. చూసి నేర్చుకుంది. ఆడపిల్ల కాకపోతే పెద్ద పనివాడయ్యేది.

పక్కింటి మతీల్దవ్వ కంచె మీంచి చూసి అంది. "ఇంట్లో పిల్లని నవ్వించడం మానేసి చెక్కని నవ్విస్తున్నావేంట్రా!"

ముసలాళ్ళకు ఏదో ఒకటి అనకపోతే పొద్దు గడవదు.

జూన్ 21

జూదికి కొత్త ఆట పట్టుకుంది. నా చేత వంట చేయిస్తోంది. తను పీట మీద కూచుని, "నాన్నా, నువ్వు కలుపు, నేను చూస్తా. పిండి ఒక్కసారి పొయ్యకు, ఉండలు కడుతుంది. ఉప్పు ఇప్పుడు కాదు. మంట తగ్గించు" అని ఒకటే పెత్తనం. ఇవాళ ముద్ద బాగానే వచ్చింది. "ఇంక ఒక్కడివే చేసుకోగలవు" అని మెచ్చుకుంది.

ఇలాంటి పిల్ల నన్ను వదిలి ఎలా ఉంటుంది? బావకు ఇది కూడా చెప్పాలి.

జూన్ 25

పైన జూదిని చెక్కుతున్నాను. వాళ్ళమ్మ భుజం మీద ఒక మోకాలు వేసి, ఇంకో కాలు గాలిలో. గాలిలో ఉన్న కాలు దగ్గరే వచ్చింది చిక్కు. తెలుపు చొచ్చుకుపోయింది సరిగ్గా అక్కడే. ఊత లేకపోతే నిలవదు. అందుకని దాని పాదం కింద కొంచెం చెక్క వదిలాను.

వదిలిన చెక్క మొండిగా ఉంటే చూడ్డానికి బాగోదు కదా. కొంచెం గుండ్రం చేశాను. నాలుగు గాట్లు పెట్టాను. ఒక అరచెయ్యిలా వచ్చింది. పాదాన్ని కింద పట్టుకున్నట్టు.

ఊతే. పని అయ్యాక సన్నం చేసేస్తాను.

జూన్ 26

రేపు సన్నం చేస్తాను.

జూన్ 28

ఇవాళ ఆకురాయి పట్టాల్సి వచ్చింది, వీలు కాలేదు. రేపు.

జూలై 1

సిమావు కంట్లో పడింది.

"ఇదెవరి చెయ్యిరా?"

"ఎవరిదీ కాదు. ఊత."

"ఊతకి చూపుడువేలు సగమే ఉంటుందేం?"

నా ఎడమ చూపుడువేలు సగమే ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో బాడిస తినేసింది. నేను కావాలని చెక్కలేదు. చేతికి అలవాటైన కొలత అది. తన చెయ్యి చూసుకుని చెక్కేవాడు తన చెయ్యే చెక్కుతాడు.

సిమావు ఈసారి నవ్వలేదు. పక్కన కూచున్నాడు.

"తీసెయ్ రా. వాళ్ళమ్మల స్తంభంలో నీ చెయ్యి పెడితే ఊరుకుంటారా? చావడిలో పదిమంది ముందు నిలబెట్టేది. మీ బావ పరువు పోతుంది. స్తంభం నీ నెత్తిన పడేసి పిల్లను తీసుకుపోతాడు."

"తీసేస్తే పిల్ల కాలు విరుగుతుంది."

"అది చెక్కేటప్పుడే తెలియలేదా?"

తెలుసు. తెలిసే చెక్కానేమో. నాకే తెలియట్లేదు. ఇంత బతుకూ బతికి, ఎక్కడ ఒదిగి ఉండాలో అక్కడ ఒదిగి ఉండి, ఇప్పుడీ బుద్ధేమిటి నాకు? లంచం ఇస్తూ ఆ లంచంలోనే తిట్టు చెక్కిపెట్టినట్టయింది.

జూలై 4

బాడిస ఎత్తాను. దించాను.

జూలై 5

జూది అడిగింది, "అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నీళ్ళు నిజంగా ఇంటి ముందేనా నాన్నా?"

"ముందే. ఇంటి ముందు నీళ్ళు, నీళ్ళలో మొసళ్ళు."

"పిల్లలు ఈత కొడతారంట కదా?"

"కొడతారు. కొందరు తిరిగొస్తారు."

నోరు మూసుకుంది. భయపడి ఉంటుంది. పెట్టాల్సిన భయమే. ఇక్కడ నీళ్ళకు లోయలోకి దిగి ఎక్కాలి, నిజమే, కానీ మొసలి లేదు. సాయంత్రం దాని బిందె నేనే మోసుకొచ్చాను. ఆడవాళ్ళంతా నన్ను చూసి పాట కట్టి పాడారు. పాడనీ.

జూలై 9

అలి చెప్పాడు. వచ్చే లారీలో దిగుతాడట.

జూలై 11

మైనం పట్టించాను. అద్దంలా మెరుస్తోంది. ఆ చెయ్యి ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టాను. ఆయన చూడడు. బొజ్జ మనిషి, వంగి చూసే అలవాటు లేదు. తన బొమ్మ చూసుకుని మురిసిపోయి, అక్కడే ఆగిపోతాడు. ఎవడైనా ముందు తన ముఖం చూసుకుంటాడు.

లేచి వెళ్ళి దాన్ని ఇంకాస్త గోడకు జరిపాను.

జూలై 14

వచ్చాడు. దిగీ దిగకముందే ఊరంతా వినిపించేలా మొదలెట్టాడు.

"ఏమయ్యా, మా పిల్ల బట్టలు సర్దావా? మా చెల్లెలు పోయి ఎన్నాళ్ళయింది? మేనమామ అనేవాడొకడున్నాడని గుర్తుందా, మర్చిపోయావా?"

"ముందు కూచోండి బావా. మంచినీళ్ళు తాగండి."

"మీ మెట్ట మీద నీళ్ళు తాగడమంటే ఆడవాళ్ళ చెమట తాగడమే. నాకొద్దు."

జూది వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆయన దాని తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. నాకు ఒళ్ళు మండింది.

నేను దాచుకున్న మాటలన్నీ వదిలాను. పెద్దల కథ, ఏటి ఒడ్డున బిడ్డలు దక్కలేదన్న సంగతి, అన్నీ.

"నా పిల్లలు ఆరుగురూ అక్కడే పెరిగారు. మొసళ్ళే వాళ్ళకి భయపడి అవతలి ఒడ్డుకి పోయాయి."

"జూదిని నేను బాగానే చూసుకుంటున్నాను."

"చూసుకుంటున్నావు, కాదన్లేదు. రేపు అది పెద్దదవుతుంది. ఆడవాళ్ళు కూచోబెట్టి నేర్పే సంగతులుంటాయి. నువ్వు నేర్పుతావా? నీ బాడిస నేర్పుతుందా? పద్ధతి అంటూ ఒకటుంది. నా హక్కు నేను అడుగుతున్నాను. రేపు స్తంభం చూస్తా, ఎల్లుండి లారీకి పిల్లని తీసుకెళతా. ఇంక మాట లేదు."

కంచె అవతల మతీల్దవ్వ అంతా వింది. "కసాయివాడు" అని గొణగడం నాకు వినిపించింది. ఆయనకూ వినిపించింది.

జూలై 15

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే గోనెపట్ట తీశాను. కొర్నేలియు ముందు వాళ్ళ అమ్మమ్మకు దణ్ణం పెట్టాడు. వాళ్ళమ్మ మూతి విరుపు చూసి పకపకా నవ్వాడు. తన బొజ్జ దగ్గరికొచ్చి, "ఇంత లేదు" అన్నాడు. అంతవరకూ నేను అనుకున్నట్టే నడిచింది.

తరవాత అమేలియా ముందు ఆగాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

ఆ తరవాత స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని గోడవైపు భాగం ఇవతలికి తిప్పాడు. నేనే తిప్పుతాను, బరువు, అన్నాను. వినలేదు.

ఆయన ఆ సగం వేలు మీద తన వేలు పెట్టాడు. నా చేతి వంక చూశాడు. నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"ఇది నీది."

"ఊత, బావా. పైన తెల్లచెక్క పడింది. ఊత లేకపోతే..."

"కొట్టేస్తే?"

"పిల్ల పడిపోతుంది."

"ఎంత గడుసువాడివయ్యా! కొట్టేయమనడానికి వీల్లేకుండా చెక్కావు."

తిడతాడని చూస్తున్నాను. ఆయన నేల మీద, నా ఉలుల పక్కన కూచున్నాడు. ఎంతకీ లేవలేదు. ఆఖరికి చాలా నెమ్మదిగా అన్నాడు.

"నా పిల్లల్లో పెద్దవాడు లేడూ, వాడు మొన్న వాళ్ళ మేనమామ మాట విని ఏరు దాటి దార్-ఎస్-సలామ్ పట్నం పోయాడు. నన్ను అడగలేదు. అడగాల్సిన పని లేదు, పద్ధతి అది. నేను పద్ధతి ప్రకారం ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాను." ఒక ఉలి తీసి చూసి కింద పెట్టాడు. "మా ఆవిడ వాళ్ళకి స్తంభం లేదు. ఉన్నా, నాకు చెక్కడం రాదు."

పొడుం డబ్బా ఇచ్చాను. తీసుకున్నాడు.

లేచేటప్పుడు అన్నాడు. "దాన్ని ముట్టుకోకు. చావడిలో ఆ వైపు గోడకు పెట్టిస్తా. ఎవడైనా వంగి చూస్తే, ఊత అని చెబుతా."

సాయంత్రం ముద్ద తింటూ, నేను అడక్కుండానే, "పిల్ల నీ దగ్గరే ఉండనీలే, వచ్చే ఏడాది దాకా" అన్నాడు.

నేను గెలిచాను! ఈ చేతులతో గెలిచాను. ఆయన కాళ్ళ మీద పడబోతే లేపి తిట్టాడు. జూది దగ్గరికి పరిగెత్తి చెప్పాను. "మామయ్య ఒప్పుకున్నాడమ్మలూ! నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు." అది నా వంక చూసి, తరవాత వాళ్ళ మామయ్య వంక చూసి, "సరే నాన్నా" అంది. లోపలికి వెళ్ళి మూట విప్పి బట్టలు మళ్ళీ బుట్టలో పెట్టుకుంది. ఆ మూట ఎప్పుడు కట్టుకుందో నాకు తెలియదు. మామయ్య అరుపులకు భయపడి కట్టుకుని ఉంటుంది.

జూలై 16, పొద్దున

హాయిగా నిద్రపోయాను. చాలా రోజులకు. జూదికి కడుపునొప్పట, ఏమీ తినలేదు. రాత్రి చేపలు పడలేదేమో. లారీ మధ్యాహ్నం వస్తుంది. స్తంభానికి గడ్డి చుట్టాలి.

జూలై 16, సాయంత్రం

జూది వెళ్ళిపోయింది.

నేనే పంపాను. రాయకుండా పడుకోలేను, రాస్తే నమ్మలేను.

లారీ వచ్చింది. స్తంభం ఎక్కించాం. తాళ్ళు కడుతుంటే కొర్నేలియు నన్ను జీడిచెట్ల వెనక్కి లాక్కెళ్ళాడు.

"ఓ మాట చెబుతా. నన్ను కొట్టినా సరే, చెప్పి పోతా."

"చెప్పండి."

"ఇందాక ఈ చెట్ల వెనకే ఉంది పిల్ల. నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడుస్తోంది. నేను చూడలేకపోయాను."

"నిన్న మీరు అరిచారు, భయపడింది. సర్దుకుంటుంది."

"కాదయ్యా. నన్ను రమ్మని కబురు పంపింది అదే."

నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

"కోతల ముందు అలి చేత చెప్పించింది. వచ్చి నన్ను తీసుకెళ్ళు మామయ్యా, నేను పిలిచానని నాన్నకు చెప్పకు, నాన్న ఏడుస్తాడు అని. దానికి అమ్మమ్మ కావాలంట. పిల్లలు కావాలంట. మీ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరంట."

"మరి హక్కులని, పద్ధతులని ఊరంతా వినేట్టు ఎందుకు అరిచారు?"

"నా మీద నీకు కోపం వస్తే నాకు పోయేదేముంది? ఎలాగూ బావనే. దాని మీద రాకూడదు కదా. నేను దుర్మార్గుణ్ణి అయితే అది మంచి కూతురిలాగే ఉండిపోతుంది." ముఖం తుడుచుకున్నాడు. "నిన్న నీ చెయ్యి చూశాక ఆ వేషం నా వల్ల కాలేదు. మెత్తబడ్డాను. తప్పు చేశాను. ఇప్పుడు నువ్వేం చెయ్యమంటే అది చేస్తా."

నాకు సిగ్గేసింది. కోపం వచ్చింది. నేనేం తక్కువ చేశానని అనాలనిపించింది. బిందె కూడా మోశాను కదా అనాలనిపించింది. అలి హారను కొడుతున్నాడు. ఇన్నాళ్ళూ నేను ఈయన్ని శత్రువనుకుని మొద్దు మొద్దంతా చెక్కాను. ఈయన రెండు రోజుల దారి పడి వచ్చి, నా చేత తిట్లు తినడానికి ఒప్పుకుని కూచున్నాడు.

"బావా," అన్నాను, "మళ్ళీ అరవండి."

ఆయనకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తరవాత గొంతు సవరించుకున్నాడు. అరిచాడు చూడండి! లారీ వాళ్ళూ, దారినపోయేవాళ్ళూ ఆగిపోయారు.

"మాట మార్చానయ్యా, మారుస్తా! నా మేనకోడలు, నా ఇష్టం! ఇవాళే తీసుకుపోతా. ఎవడు ఆపుతాడో ఆపమను!"

"ఇదేం పెద్దరికం బావా? నిన్న ఒక మాట, ఇవాళ ఒక మాటా! మీరసలు మనిషేనా?"

"మనిషిని కాబట్టే ఇన్నాళ్ళు ఊరుకున్నా!"

ఇద్దరం బాగానే అరిచాం. చివర్లో ఏది అబద్ధమో ఏది నిజమో నాకే తెలియలేదు. ఆయన మీద అరుస్తుంటే కొంచెం ఊపిరాడింది కూడా.

జూది గడప దగ్గర నిలబడి ఉంది. నేను వెళ్ళి దాని ముందు గొంతుక్కూచున్నాను.

"మామయ్య వినట్లేదమ్మలూ. వెళ్ళాల్సిందే. పద్ధతి. నేనేం చెయ్యలేను."

"నిజంగానా నాన్నా?"

"నిజంగానే."

అప్పుడు ఏడ్చింది. గట్టిగా, అందరి ముందూ, నా మెడ పట్టుకుని. అది దొంగ ఏడుపు కాదు, నాకు తెలుసు. అయినా మూట కట్టుకోవడానికి దానికి ఎంతోసేపు పట్టలేదు.

లారీ మీద స్తంభం పక్కనే కూచోబెట్టాం. బండి కదిలాక జూది నా వైపు తిరిగి చెయ్యి ఊపింది, మలుపు దగ్గర కొర్నేలియు ఏదో అన్నాడు, అది తల వెనక్కి వేసి నవ్వింది. ఇంత దూరం వినిపించింది.

జూలై 18

ముద్ద ఉండలు కట్టింది.

జూలై 21

సిమావు ఒక మొద్దు ఇచ్చాడు, పని పట్టుకోరా అని. ఇంకా ముట్టుకోలేదు. జూది ఊరు చేరిందని అలి చెప్పాడు. దారంతా వాగుతూనే ఉందట, చెవులు దిబ్బళ్ళు పడ్డాయట వాడికి.

సాయంత్రం మతీల్దవ్వ కంచె దాటి వచ్చింది. ఒక ఆకులో వేయించిన వేరుశనగ గింజలు తెచ్చి నా ముందు పెట్టి, నా పక్కనే చతికిలబడింది. "తల్లి లేని పిల్లని తండ్రి దగ్గర్నించి లాక్కుపోయాడే! వాడి చేతులు పడిపోను. ఇంత దుర్మార్గుణ్ణి నేనెక్కడా చూడలేదు నాయనా" అని కళ్ళు తుడుచుకుంది.

"అవునవ్వా," అన్నాను. "పరమ దుర్మార్గుడు."